మిడత వంతు వచ్చేసరికి: రోగ్ క్లాస్ సరిచేస్తున్న డైరీ

మే నెలాఖరు

మా టేబుల్ మీద నడుస్తున్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్, 2014 పుస్తకాలతో: తలా ఒక పాత్ర వేసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. ఆదివారం భోజనాలయ్యాక కూర్చుంటే చీకటి పడేదాకా ఆట. నేను డంజన్ మాస్టర్‌ని, అంటే కథ నడిపి రాక్షసుల్ని ఆడించేవాణ్ణి. మిగతావాళ్ళకి తలా ఒక క్లాస్, అంటే పాత్ర వృత్తి. ఫైటర్ (కత్తి పట్టేవాడు) ఆడేది నా స్కూలు స్నేహితుడు, విజార్డ్ (మంత్రగాడు) ఆడేది మా అపార్ట్‌మెంట్ కుర్రాడు, క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి) మా ఆవిడ, రోగ్ (దొంగ) ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది. వాడి క్యారెక్టర్ పేరు మిడత. హాఫ్‌లింగ్ అనే పొట్టి జాతివాడు, మూడడుగులు, నడుముకి రెండు పొట్టి కత్తులు, చేతివాటం కాస్త ఎక్కువ. అందరూ ఇప్పుడు 5వ లెవెల్లో ఉన్నారు.

రోగ్ క్లాస్‌ని సరిచేసే ఈ పని మొదలైంది వాడి ఫిర్యాదుతోనే. "బావా, నా వంతు రావడానికి పావుగంట. వేస్తా, తప్పుతుంది. మళ్ళీ పావుగంట. ఈలోపు ఫైటర్ రెండు దెబ్బలు కొడతాడు, ఈ విజార్డ్ గది గదంతా తగలబెడతాడు. పోనీ తాళాలు తీసుకుంటూ బతుకుదామంటే అవీ వీడే తీస్తున్నాడు."

ఫిర్యాదులో రెండు ముక్కలున్నాయి. ఒకటి పోరు, రెండోది తాళం. చాలామంది రోగ్‌ని సరిచేస్తామని మొదటిదాని మీదే పడతారు, డ్యామేజ్ పెంచేసి చేతులు దులుపుకుంటారు. నేనూ అక్కడే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే లెక్క తేలిగ్గా తేలేది అక్కడే.

స్నీక్ అటాక్ తెలియనివాళ్ళ కోసం: శత్రువు ఏమరుపాటుగా ఉన్నప్పుడు రోగ్ కొట్టే అదనపు దెబ్బ అది. అడ్వాంటేజ్ ఉంటే, అంటే డీ20 (ఇరవై ముఖాల డైస్) రెండుసార్లు వేసి పెద్దది తీసుకునే వీలుంటే, పడుతుంది. లేదంటే శత్రువుకి ఐదడుగుల్లోపు మనవాడొకడు నిలబడి ఉన్నా చాలు, రోగ్‌కి డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవాల్సిన గతి, లేనంతవరకూ. 5వ లెవెల్లో అది మూడు డీ6, అంటే ఆరు ముఖాల డైస్ మూడు, సగటున 10.5. ఒక్కో వంతులో ఒక్కసారే.

ఇక లెక్క. ఎదురుగా ఆర్మర్ క్లాస్ 15 ఉన్న శత్రువు, అంటే అన్నీ కలిపి 15 తెస్తేనే దెబ్బ తగిలేవాడు, అనుకుందాం. మిడత దెబ్బకి +7, డీ20 మీద 8 గానీ అంతకు పైన గానీ పడితే తగిలినట్టే. 65 శాతం. ఒక్క పొట్టి కత్తితో కొడితే, క్రిటికల్స్ (డీ20 మీద 20 పడితే డ్యామేజ్ డైస్ రెట్టింపు) కూడా కలుపుకుని, వంతుకి సగటున 12.4. మా ఫైటర్ పెద్ద కత్తితో రెండు దెబ్బలు కొడితే 16.9. ఇక్కడిదాకా చూస్తే మా బావమరిది మాటే నిజం. కానీ మిడత రెండో చేతి కత్తి కూడా వాడితే 17.4. అడ్వాంటేజ్ దొరికితే ఒక్క కత్తితోనే 17.2. ఫైటర్‌కి ఏ మాత్రం తీసిపోడు.

సగటు సరిపోతోంది. మరి మనిషికెందుకు సరిపోవడం లేదు? సగటు కింద దాక్కున్న అంకె ఇంకోటుంది. ఒక్క దెబ్బే కొట్టేవాడికి 35 శాతం వంతులు ఉత్తివే పోతాయి. రెండు దెబ్బలు కొట్టే ఫైటర్‌కి రెండూ తప్పేది 12 శాతం వంతుల్లో. పావుగంట ఆగి వేసిన డైస్ మూడింట ఒకసారి ఏమీ ఇవ్వకపోతే ఎవడికైనా ఒళ్ళు మండుతుంది. రెండు కత్తులూ వాడొచ్చుగా అంటే, రెండో దెబ్బకి బోనస్ యాక్షన్, అంటే వంతుకి ఒక్కటే దొరికే అదనపు చిన్న పని, కావాలి. దాక్కోవడానికి, తప్పించుకుని వెనక్కి జరగడానికి కూడా అదే బోనస్ యాక్షన్. రెండు దెబ్బలు కొట్టిన మిడత 38 హిట్ పాయింట్ల ప్రాణంతో ఓగర్ లాంటి భారీ రాక్షసుడి కాళ్ళ దగ్గరే నిలబడి ఉండాలి. అందుకే వాడు ఒక్కటి కొట్టి పారిపోతాడు. పారిపోతాడు కాబట్టి ఒక్కటే కొడతాడు.

జూన్ మొదటి వారం

తాళం సంగతి. పాత ఆటల నోట్స్ ముందేసుకుని, మూసిన తలుపు ఎదురైన ప్రతిచోటా ఎవరు తెరిచారో రాసుకున్నాను. ఎక్కువ తలుపులు తెరిచింది విజార్డే. నాక్ అనే రెండో లెవెల్ స్పెల్, డైస్ వేసే పనే లేదు, తాళం ఊడిపోతుంది. ఎవరికీ కనపడకుండా వెళ్ళాలంటే ఇన్విజిబిలిటీ, అదీ రెండో లెవెలే. ఇవన్నీ రోగ్ బతుకుతెరువులు. పైగా మిడత డైస్ వేయాలి, విజార్డ్ వేయక్కర్లేదు.

కాగితం మీద దీనికి విరుగుడు ఉంది. 5వ లెవెల్ విజార్డ్‌కి రెండో లెవెల్ స్లాట్లు, అంటే ఆ స్థాయి మంత్రాలు వేసే కోటా, రోజుకి మూడే, మూడో లెవెల్‌వి రెండు. తాళానికి ఒకటి ఖర్చు పెడితే పోరులో ఒకటి తగ్గినట్టు. మిడత చేతిలో ఉన్న తీగముక్కలు మాత్రం ఎన్ని తాళాలు తీసినా అయిపోవు. రోగ్ క్లాస్ మొత్తం ఇలాగే కట్టారు: పడుకుని లేస్తే తప్ప తిరిగి రాని శక్తి వాడికి దాదాపు ఏదీ లేదు. స్నీక్ అటాక్ పొద్దున్న ఎంతో సాయంత్రం అంతే.

కానీ ఈ విరుగుడు పనిచేయాలంటే రోజు పొడుగ్గా ఉండాలి. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ అంచనా ప్రకారం ఆటలోని ఒక్క రోజులో మధ్యస్థం నుంచి కష్టమైన పోరులు ఆరు నుంచి ఎనిమిది పట్టాలి, మధ్యలో రెండు చిన్న విశ్రాంతులు. ఏ ఇంట్లో ఆడతారండీ అన్ని పోరులు ఒక్క రోజులో! మాకు ఆదివారానికి ఒకటి, మహా అయితే రెండు. ఆ రెండింట్లో విజార్డ్ ఉన్నవన్నీ కుమ్మరించేసి రాత్రికి పడుకుంటాడు, పొద్దున్నకి సంచి నిండిపోతుంది. తరగని సంచి మిడత దగ్గరుంది సరే, ఎవరి సంచీ ఖాళీ కాని చోట దానికి విలువేముంది?

ఆ రాత్రి ప్రాజెక్టు కాగితం మీద "డ్యామేజ్" అన్న మాట కొట్టేసి "రోజు" అని రాశాను.

జూన్ రెండో వారం

ఈ వారం ఆట లేదు, అందరికీ పెళ్ళిళ్ళు. పాత ఎడిషన్లు చదువుతూ కూర్చున్నాను. బ్యాలెన్స్ గురించి నాకు ఎక్కువ నేర్పింది ఈ వారమే.

1974లో వచ్చిన మొదటి ఆటలో రోగ్ లేడు. ఉన్నవి మూడే క్లాసులు: కత్తి పట్టేవాడు, మంత్రాలు వేసేవాడు, క్లెరిక్. దొంగ 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చాడు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మొదటి లెవెల్ దొంగ పట్టిక చూస్తే నవ్వొస్తుంది: తాళం తీయడం 25 శాతం, ఉచ్చు కనిపెట్టి విప్పడం 20, చప్పుడు లేకుండా నడవడం 15, నీడలో దాక్కోవడం 10. గోడలెక్కడం ఒక్కటే 85. పదిసార్లు దాక్కుంటే తొమ్మిదిసార్లు దొరికిపోయే దొంగ! వెనక నుంచి పొడిస్తే రెట్టింపు డ్యామేజ్ వచ్చేది గానీ, అదీ ఎదుటివాడు చూసుకోనప్పుడే.

మరి ఎందుకు ఆడారు జనం? ఆ పట్టికలో కనపడని జీతం ఇంకో రెండు చోట్ల ఉండేది.

మొదటిది ఎక్స్‌పీ పట్టిక. ఎక్స్‌పీ అంటే లెవెల్ పెరగడానికి కూడబెట్టుకునే అనుభవ పాయింట్లు. అప్పట్లో ఒక్కో క్లాస్‌కి ఒక్కో పట్టిక. 1989 నాటి రెండో ఎడిషన్లో రెండో లెవెల్ చేరడానికి ఫైటర్‌కి 2,000 ఎక్స్‌పీ కావాలి, విజార్డ్‌కి 2,500. దొంగకి 1,250 చాలు. విజార్డ్ రెండుకి చేరే వేళకి దొంగ మూడులో ఉంటాడు. బలహీనుడు, కానీ త్వరగా పెరుగుతాడు.

రెండోది అసలైనది. డెబ్బైల నాటి ఆటలో ఎక్స్‌పీలో సింహభాగం రాక్షసుల్ని చంపితే కాదు, నిధి బయటికి తెస్తే వచ్చేది. ఒక బంగారు నాణెం బయటికొస్తే ఒక ఎక్స్‌పీ. పోరు అంటే ఖర్చు, తప్పించుకోగలిగితే లాభం. అలాంటి లోకంలో పుట్టాడు దొంగ. వాడి పని కొట్టడం కాదు, కొట్టుకునే అవసరం రాకుండా పెట్టె బయటికి తేవడం.

2000లో మూడో ఎడిషన్ అన్ని క్లాసులకీ ఒకే ఎక్స్‌పీ పట్టిక పెట్టింది. త్వరగా పెరిగే సౌకర్యం పోయింది. ఎక్స్‌పీ లెక్క ప్రధానంగా పోరుల మీదికి మళ్ళింది. దొంగ పేరు రోగ్ అయ్యింది, పోయినదానికి బదులుగా స్నీక్ అటాక్ డైస్ ఇచ్చారు, రెండు లెవెళ్ళకొక డీ6 చొప్పున. ఆ డైస్ కూడా శవసైన్యం మీదా మంత్రబొమ్మల మీదా పనిచేసేవి కావు. శ్మశానం కథ నడిపే టేబుల్‌లో రోగ్ ఆడినవాళ్ళ ఉసురు ఆ రూల్ రాసినవాళ్ళకి తగిలే ఉంటుంది. 2008 నాటి నాలుగో ఎడిషన్ ఇంకో అడుగు ముందుకేసి, రోగ్ అంటేనే గట్టి దెబ్బ కొట్టే పాత్ర అని ముద్ర వేసేసింది. 5వ ఎడిషన్ శవాల అడ్డు తీసేసింది, 19వ లెవెల్‌కి పది డీ6 దాకా పెంచింది.

అంటే పాతికేళ్ళుగా రోగ్ జీతం దొంగతనం పద్దులోంచి దెబ్బల పద్దులోకి మారుతూ వచ్చింది. దెబ్బల పద్దులో ఫైటర్‌తో పోటీ. దొంగతనం పద్దులో ఇప్పుడు డబ్బుల్లేవు. మా బావమరిది రెండు ముక్కల ఫిర్యాదు ఇదే. పాత జీతాన్ని కొంతైనా తిరిగి ఇవ్వగలనా అన్నది ఇక నా ప్రాజెక్టు.

జూన్ నెలాఖరు

అయినా ముందు పోరు సంగతి కొంత తేల్చాలి, లేకపోతే వాడు మాట వినడు.

వాడే అడిగాడని స్నీక్ అటాక్ డీ6 తీసి డీ8 ఇచ్చి చూశాం. మూడు డీ8 సగటు 13.5, అంటే మూడు ఎక్కువ. తగిలినప్పుడు టేబుల్ దద్దరిల్లింది. తప్పినప్పుడు వాడి ముఖం ముందెలా ఉందో అలాగే ఉంది. తప్పిన దెబ్బకి డీ8 అయినా డీ12 అయినా వచ్చేది సున్నానే. తీసేశాం.

పనిచేసినవి రెండు. 2020లో వచ్చిన అనుబంధంలోని స్టెడీ ఎయిమ్ ఒకటి: ఆ వంతులో కదలకుండా ఉంటే బోనస్ యాక్షన్‌తో అడ్వాంటేజ్. ఉత్తి వంతులు 35 నుంచి 12 శాతానికి దిగుతాయి. ఫైటర్ అంకె కూడా అదేనని గమనించండి. కదలకపోవడం చిన్న మూల్యం కాదు, మిడత లాంటివాడికి మరీను. కాబట్టి ఎప్పుడు గురి పెట్టాలి, ఎప్పుడు గెంతాలి అన్నది ప్రతి వంతులోనూ వాడు ఆలోచించుకోవాల్సి వస్తోంది.

రెండోది 2024 పుస్తకం నుంచి అరువు: కన్నింగ్ స్ట్రైక్. స్నీక్ అటాక్‌లో ఒక డీ6 వదులుకుంటే ఎదుటివాణ్ణి పడగొట్టే ప్రయత్నం చేయొచ్చు, విషం పెట్టొచ్చు, లేదా సగం దూరం ఎదురుదెబ్బ తగలకుండా జారుకోవచ్చు. ఒక డీ6 అంటే సగటున మూడున్నర పాయింట్లు, అంతే.

మొదటిసారి వాడింది ఓగర్ మీద. సేవ్ డీసీ 15, అంటే తప్పించుకోవాలంటే ఓగర్ డీ20తో తేవాల్సిన అంకె. వాడికి మైనస్ ఒకటి, కాబట్టి నాలుగింట మూడుసార్లు పడాల్సిందే. పడ్డాడు. తర్వాతి వంతు ఫైటర్‌ది. పడి ఉన్నవాడి మీద దగ్గర నుంచి కొట్టేవాళ్ళకి అడ్వాంటేజ్, ఫైటర్ రెండు దెబ్బలూ దిగబడ్డాయి. ఆర్మర్ క్లాస్ 15 లెక్కలో చూస్తే ఆ అడ్వాంటేజ్ వల్ల ఫైటర్ సగటు 16.9 నుంచి 23కి పైగా ఎగబాకుతుంది. మూడున్నర వదిలితే ఆరు పైచిలుకు వచ్చింది, కాకపోతే వేరేవాడి ఖాతాలో. మా బావమరిది మాత్రం అది తన దెబ్బే అన్నట్టు లేచి నిలబడ్డాడు.

విజార్డ్ కుర్రాడికి మండింది. పడి ఉన్నవాడి మీద దూరం నుంచి వేసే ఫైర్ బోల్ట్‌కి డిసడ్వాంటేజ్ మరి. "అన్నా, వాణ్ణి పడుకోబెట్టి నన్ను గురి చూడమంటే ఎలా?" దాంతో వాళ్ళిద్దరూ ఎవరు ముందు ఎవరు వెనక అని గుసగుసలాడుకోవడం మొదలైంది. అంతకు ముందు మా టేబుల్‌లో ఒకరి వంతులో ఇంకొకరు ఫోన్ చూసుకునేవారు.

ఇంతటితో పోరు మార్పులు ఆపేశాను. డ్యామేజ్ అంకె ఒక్కటి కూడా పెరగలేదు.

జూలై

రోజుని పొడుగు చేయాలి, కానీ ఆదివారం పొడుగవదు. ఎనిమిది పోరులు పెట్టలేను. పోరు కాకుండా స్లాట్లు కరిగించేదేదో కావాలి.

1981 నాటి బేసిక్ పెట్టెలోని పాత పద్ధతి ఒకటి తెచ్చాను. నేలమాళిగలో ప్రతి ఇరవై నిమిషాలకి, ఆట లెక్కలో, నేను ఒక డీ6 వేస్తాను. ఒకటి పడితే ఎవరో వస్తున్నారు. దానికి నా చేర్పు: పెద్ద చప్పుడైతే వెంటనే ఇంకో డైస్. గది మొత్తం వెతకడానికి మామూలు వాళ్ళకి పది నిమిషాలు, పనిముట్ల శిక్షణ ఉన్న రోగ్‌కి ఒక నిమిషం. తాళం తీగతో తీస్తే చప్పుడు లేదు, ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తేడాతో తప్పితే తప్ప. లోపల పూర్తి విశ్రాంతి లేదు. బయటికి వెళ్ళి పడుకుని వస్తే కాపలా రెట్టింపు.

వర్తకుల సంఘం గోదాము కింద ఖజానా. మొదటి ఇనుప తలుపు దగ్గర విజార్డ్ అలవాటు ప్రకారం నాక్ అన్నాడు. పుస్తకం తీసి ఆ స్పెల్ ఆఖరి వాక్యం చదివించాను: తలుపు మీద దబదబా బాదిన చప్పుడు పుడుతుంది, 300 అడుగుల దాకా వినపడుతుంది. గడికి ఐదడుగులు, అంటే అరవై గళ్ళు. నేను గీసిన మ్యాప్ ఆ కొస నుంచి ఈ కొసకి నలభై గళ్ళే. కుర్రాడు మ్యాప్ వంక చూశాడు, నా వంక చూశాడు, స్లాట్ వెనక్కి తీసుకున్నాడు.

"ఇటివ్వండి" అన్నాడు మిడత.

డీసీ 20 తాళం. వాడికి పనిముట్ల మీద ఎక్స్‌పర్టీస్ (రెట్టింపు నైపుణ్యం), +10. పది పడాలి, 55 శాతం. మా ఆవిడ గైడెన్స్ వేస్తానంది, ఇంకో డీ4 కలుస్తుందని. అది నోటితో చదవాల్సిన మంత్రం, కాపలావాడు గోడవతల ఉన్నాడు. గొణిగితే చాలదా అని ఆవిడ, మంత్రం గొణిగితే పనిచేయదు అని నేను. ఇంట్లో నెగ్గని వాదన టేబుల్ దగ్గర నెగ్గాను, ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. చివరికి గైడెన్స్ లేకుండానే వేశాడు. పద్నాలుగు. తలుపు కిర్రుమనకుండా తెరుచుకుంది. టేబుల్ చుట్టూ అందరూ ఊపిరి వదిలారు. ఒక్క తాళానికి! మేలో ఇదే తాళాన్ని ఎవరూ తలెత్తి చూసి ఉండరు.

ఈ మార్పుతో రోగ్ షీట్‌లో, అంటే మిడత వివరాలు రాసుకునే కాగితంలో, ఏమీ మారలేదు. వాడు ఏది లేకుండా పని జరిపించగలడో దానికి ధర పెట్టాను, అంతే. చప్పుడుకి ధర, నిమిషానికి ధర. తక్కిన ముగ్గురికీ రెండూ ఖరీదే, వాడికి చవక.

జూలై నెలాఖరు

ఇక పాత జీతం. 5 నుంచి 6వ లెవెల్‌కి మనిషికి 7,500 ఎక్స్‌పీ కావాలి, నలుగురికీ కలిపి 30,000. నాణేనికి ఒక ఎక్స్‌పీ అంటే 30,000 బంగారు నాణేలు పంచాలి, నా లోకం ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుంది. ఈ ఎడిషన్లో అన్నిటికన్నా ఖరీదైన కవచమే 1,500. కాబట్టి నాణేనికి పది ఎక్స్‌పీ, క్షేమంగా ఊరు చేరితేనే. చంపినదానికి పుస్తకంలో ఉన్నదాంట్లో పావు వంతు.

వాళ్ళ ముందు లెక్క వేసి చూపించాను. ఓగర్ 450 ఎక్స్‌పీ, పావు వంతు 112, మనిషికి 28. వాడు తల కింద పెట్టుకుని పడుకున్న పెట్టెలో 150 నాణేలు, అంటే 1,500, మనిషికి 375. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నలుగురూ ఒకేసారి మాట్లాడారు.

ఆ పెట్టె ఎలా తీశారన్నది పెద్ద కథ. దుప్పటి ఉంది, తాడుంది, గొర్రె తొడ ఒకటుంది. ఓగర్‌కి గాటు కూడా పడలేదు. కానీ దానికి మూడు గంటలు పట్టింది, అందులో రెండు గంటలు మిడత ఒక్కడే ఆడాడు.

ఫైటర్ మా స్కూలు స్నేహితుడు, మొహమాటం లేదు. "రేయ్, మీ బావమరిది సినిమా చూడ్డానికి నేను ఉప్పల్ నుంచి రావాలా?" న్యాయమే. రోగ్‌కి పని దొరికితే మిగతావాళ్ళకి లేకుండా పోయింది. ఒంటరిగా ముందుకెళ్ళి చూసి వచ్చే దొంగ ఏ టేబుల్‌కైనా పాత రోగమే. ముగ్గురూ ఒకడి కోసం కూర్చోవాలి. గొలుసు కవచం వేసుకున్నవాణ్ణి వెంట తీసుకెళ్తే నడక డైస్‌కి డిసడ్వాంటేజ్, అందరూ దొరికిపోతారు. అందుకే ఒంటరిగా వెళ్తున్నాడు.

పుస్తకంలోనే గ్రూప్ చెక్ ఉంది: అందరూ వేస్తారు, సగం మంది గెలిస్తే గుంపంతా గెలిచినట్టు. దానికి ఒక్క ముక్క తగిలించాను. రోగ్ ముందు నడుస్తూ, కావాల్సినదానికన్నా ఐదు గానీ పైన గానీ ఎక్కువ తెస్తే వాడి గెలుపు ఇద్దరి కింద లెక్క. నలుగురిలో ఇద్దరు చాలు కాబట్టి, మిడత బాగా వేస్తే వాడొక్కడే గుంపుని దాటించేస్తాడు. ఓగర్ లాంటి మొద్దు దగ్గర, పాసివ్ పర్సెప్షన్ (దానంతట అదే కనిపెట్టే చురుకు) 8, ఇది దాదాపు ఖాయం. చురుకైన కాపలావాడి దగ్గర కాదు. "కాలు ఇక్కడ పెట్టు, ఆ పలక తొక్కకు" అని వాడు చెప్తుంటే వెనక గొలుసులు గలగలలాడకుండా చేత్తో పట్టుకుని ఫైటర్ నడిచే దృశ్యం మా టేబుల్‌కి బాగా నచ్చింది. ఇప్పుడు అందరూ కలిసే వెళ్తున్నారు.

ఆగస్టు

ఊహించని చోట నుంచి కొత్త పేచీ. ఫైటర్ బ్యాటిల్ మాస్టర్, అంటే ఎత్తుగడలు నేర్చిన రకం. కమాండర్స్ స్ట్రైక్ అనే విద్య వాడి దగ్గర ఎప్పటినుంచో ఉంది, వాడింది లేదు. తన రెండు దెబ్బల్లో ఒకటీ, బోనస్ యాక్షనూ, ఒక డీ8 వదులుకుంటే పక్కవాడు రియాక్షన్‌తో, అంటే వేరేవాళ్ళ వంతులో చేయగల పనితో, వెంటనే ఒక దెబ్బ కొట్టొచ్చు, ఆ డీ8 కలుపుకుని. ఈ మధ్య ఇద్దరికీ స్నేహం కుదిరింది కదా, ఆ ఆదివారం "మిడతా, వెయ్!" అని అరిచాడు.

స్నీక్ అటాక్ వంతుకి ఒక్కసారి, రౌండ్‌కి (అందరి వంతులూ ఒక చుట్టు తిరగడానికి) ఒక్కసారి కాదు. ఫైటర్ వంతు వేరే వంతు. కాబట్టి మిడత తన వంతులో ఒకటీ, ఫైటర్ వంతులో ఇంకోటీ వేయొచ్చు. ఫైటర్ వదులుకున్న దెబ్బ సగటు 8.4, బదులుగా వచ్చినది 15.5. చిన్న విశ్రాంతికి నాలుగు డైస్ చొప్పున ఇది నడిస్తే నా రాక్షసులు నిలబడరని కుర్రాడే ముందు అన్నాడు, ఆపేయమని నా మీద ఒత్తిడి తెచ్చాడు. తన ఫైర్‌బాల్ వెలిసిపోతోందని వాడి బాధ.

ఆపలేదు. కారణం ఆ రౌండ్‌లోనే కనిపించింది. రియాక్షన్ రౌండ్‌కి ఒక్కటే. మిడత దాన్ని దెబ్బకి వాడేశాడు. తర్వాత ఓగర్ సుత్తికర్ర వాడి మీదికొచ్చింది, 13. మామూలుగా అయితే అన్‌కానీ డాడ్జ్ వేసి సగం చేసుకునేవాడు, దానికీ రియాక్షనే కావాలి. లేదు. మొత్తం తిన్నాడు. మరుసటి రౌండ్ ఇంకోసారి "వెయ్!" అంటే వేశాడు, ఇంకోసారి మొత్తం తిన్నాడు. "అక్కా, హీలింగ్!" "ఒరేయ్, వాడు అరిచినప్పుడల్లా ఎగబడకురా" అని మా ఆవిడ. ఆవిడ స్లాట్లు కరుగుతున్నాయి. ఆ మూల్యం వాళ్ళే కట్టుకుంటున్నారు, మధ్యలో నేను రూల్ పెట్టడం దేనికి?

రూల్ కాగితం ఇప్పటికి ఒక పేజీ. ఫ్రిజ్ మీద అంటించాను. స్టెడీ ఎయిమ్, కన్నింగ్ స్ట్రైక్, చప్పుడు డైస్, నాణేనికి పది, ముందు నడిచేవాడి ఐదు. ఇందులో రోగ్ షీట్ మీద రాసుకోవాల్సినవి మొదటి రెండే.

ఆగస్టు నెలాఖరు

వచ్చే కథ పాత రాజుల సమాధులు. శవసైన్యం మీద స్నీక్ అటాక్ ఈ ఎడిషన్లో నిక్షేపంగా పడుతుంది, ఆ బెంగ లేదు. బెంగ వెలుతురుది. ఫైటర్, క్లెరిక్ డ్వార్ఫులు, విజార్డ్ ఎల్ఫ్, ముగ్గురికీ చీకట్లో కళ్ళు కనపడతాయి. హాఫ్‌లింగ్‌కి కనపడవు. ముందు నడవాల్సినవాడే కాగడా పట్టుకోవాలి. గంటకొక కాగడా, చుట్టూ ఇరవై అడుగుల వెలుతురు, ఆ పైన ఇంకో ఇరవై మసక. కాగడా పట్టుకున్న దొంగ దాక్కున్నా ఒకటే, దాక్కోకపోయినా ఒకటే.

మాయ కళ్ళద్దాలు ఇమ్మని మా బావమరిది ఫోన్ చేశాడు. ఇవ్వను. విజార్డ్ దగ్గర డార్క్‌విజన్ స్పెల్ ఉంది, రెండో లెవెల్, ముట్టుకుంటే చాలు, ఎనిమిది గంటలు పనిచేస్తుంది. మే నెలలో ఆ స్లాట్ నాక్‌కి పోయేది. కుర్రాడు అప్పుడే బేరం పెట్టాడట, నిధిలో తన వాటాకి పైన నూటికి ఐదు నాణేలు. మిడత మూడంటున్నాడు. ఆదివారం లోపు వాళ్ళే తేల్చుకోవాలి.